ఉక్కపోత దేశంలో తాగిన బీర్లు, కర్నూలు ఎండలో వాటి విలువ

కర్నూలు ఎండకు అలవాటుపడ్డ ఒంటికి థాయిలాండ్ తూర్పు తీరంలోని రయోంగ్ వేడి పూర్తిగా కొత్తది. మన దగ్గర మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరి ఒళ్లు కొంత చల్లబడుతుంది. అక్కడ 34 డిగ్రీలకే చెమట ఆరక, చొక్కా ఒంటికి అంటుకొని, సాయంత్రానికి మనిషి నీరసించిపోతాడు. అక్కడ ఉద్యోగం చేసిన ఏళ్లలో నంద్యాల, ఆదోని వైపు నుంచి వచ్చిన తోటి ఉద్యోగులతో కలిసి ఆ దేశపు బీర్లను ఓపికగా రుచి చూశాను. మొదటి గుక్క చల్లగా ఉంటే ఏ బీరైనా బాగానే అనిపిస్తుంది కనుక, గ్లాసు సగమై చల్లదనం తగ్గాక అది ఎలా ఉందన్నదే నేను పట్టించుకున్నాను.

ఆ లెక్కన సింఘా గట్టిది. 1933లో మొదలైన బూన్‌రాడ్ సంస్థ దీన్ని పూర్తిగా బార్లీ మాల్టుతో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో తయారుచేస్తుంది. సీసా మీద గరుడ చిహ్నం ఉంటుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వుల రుచి స్పష్టంగా తెలుస్తుంది, చివరిదాకా నిలుస్తుంది. అదే సంస్థవారి లియో తేలిక, చవక. దాని గురించి చెప్పవలసింది అంతకంటే లేదు. 1995లో వచ్చిన చాంగ్‌లో ఒకప్పుడు 6.4 శాతం ఆల్కహాల్ ఉండేది. 2015లో ఆకుపచ్చ సీసాలోకి మారినప్పుడు దాన్ని 5 శాతానికి తగ్గించారు. ఈ తగ్గింపు ఆ బీరుకు మేలే చేసింది. అయితే ఆకుపచ్చ గాజు వెలుతురును సరిగా ఆపలేదు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి, గంధకపు ఘాటు పుడుతుంది. అందుకే అద్దాల కిటికీ పక్కన నిలబెట్టిన చాంగ్‌ను నేను ఎప్పుడూ తీసుకోలేదు.

నా మనసుకు అన్నిటికంటే నచ్చింది మాత్రం మెకాంగ్ నదికి అవతల, లావోస్ రాజధాని వియంటియాన్‌లో తాగిన బీర్‌లావో. మాల్టుతో పాటు అక్కడి బియ్యం కూడా కలిపి చేసే ఈ బీరు నాలుక మీద జిగురుగా నిలవదు. బియ్యంలోని పిండి పులిసి ఆల్కహాల్‌గా మారుతుందే తప్ప తన రుచిని పెద్దగా మిగల్చదు. వేడి దేశానికి ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనబడలేదు.

థాయిలాండ్‌లో బీరులో ఐసుముక్కలు వేసి ఇస్తారు. మనవాళ్లకు ఇది మొదట అపచారంలా అనిపించినా, ఆ ఉక్కలో అదే సరైన పద్ధతని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముక్కలు పెద్దవైతే నిదానంగా కరుగుతాయి. సింఘా ఆ నీటిని తట్టుకుంటుంది, లియో పలచబడిపోతుంది. సీసాను సున్నా డిగ్రీల కిందికి చల్లబరిచి, మూత తీయగానే బీరు మెత్తటి మంచుగా మారేలా ఇచ్చే ‘బియా వున్’ కూడా ఉంది. ఆ చలికి నాలుక మొద్దుబారి రుచి తెలియదు గానీ, ఏప్రిల్ సాయంత్రం పని ముగించుకొని వచ్చాక అంత హాయినిచ్చేది మరొకటి లేదు. దాహం తీర్చడం మాత్రం బీరు పని కాదు. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది కాబట్టి మూత్రం ఎక్కువై, ఒంట్లోని నీరు పోతుంది. గ్లాసు బీరుకు గ్లాసు నీళ్లు తాగే అలవాటు మా బృందానికి అక్కడే అబ్బింది.

తిరిగివచ్చాక కర్నూలు మిత్రులతో నాకు ఇప్పటికీ కుదరనిది ఈ విషయంలోనే. ఇక్కడ అందరూ అడిగేది 8 శాతం వరకు ఉండే స్ట్రాంగ్ బీరు. లైట్ బీరంటే డబ్బు దండగని వాళ్ల అభిప్రాయం. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది కనుక ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, నాటుకోడి పులుసు తినే మన ఊరికి ఐదు శాతం లోపు బీరే నప్పుతుందని నా అనుభవం. కారంగా దంచిన పచ్చి బొప్పాయి సలాడ్‌తో థాయ్‌వాళ్లు తాగేదీ ఆ పాటి బీరే. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త అవసరం: ఎండాకాలంలో చల్లని గది లేని గోదాములో నిలవున్న బీరు త్వరగా పాతబడి, తడిసిన అట్టముక్క వాసన వేస్తుంది. అందువల్ల నేను సీసా మీది తయారీ తేదీ చూసి, మూడు నెలలు దాటినదైతే ఎంత పేరున్న బీరైనా వెనక్కి ఇచ్చేస్తాను.