భీముడికి ఏది మేలు: తోటా, కాంపౌండ్ ఇల్లా, మూడో అంతస్తు ఫ్లాటా?

అనంతపురం బైపాస్ పక్కన ఎవరో వదిలేసిపోయిన భీముడు నా దగ్గరికొచ్చి మూడు నెలలైంది. జర్మన్ షెపర్డ్ పోలికలున్న రెండేళ్ల కుక్క, 32 కిలోలు. పొద్దున గంటసేపు పరిగెత్తించకపోతే మధ్యాహ్నానికి గడప దగ్గర చెప్పులు మిగలవు. మా ఇంట్లో ముందే ఉన్న ముసలి కుక్కకూ వీడికీ పొసగడం లేదు. అందుకే వేరే ఇల్లు వెతకాల్సి వచ్చింది. మూడు చోట్ల నుంచి అడిగారు.

మొదటిది గార్లదిన్నె దగ్గర ఐదెకరాల చీనీ తోట. విన్నవాళ్లంతా దీన్నే ఖాయం చేయమన్నారు. పెద్ద కుక్కకు కావాల్సింది జాగానే కదా అని నేనూ అనుకున్నాను. తీరా వెళ్లి చూస్తే, మోటారు షెడ్డు పక్కన వేపచెట్టుకు ఒక గొలుసు వేలాడుతోంది. ఆ గొలుసు అందినంత మేర నేల గుండ్రంగా అరిగి నున్నబడిపోయింది. చుట్టూ గడ్డి ఉంది, ఆ గుండ్రంలో మాత్రం ఒక్క పోచ లేదు. పాత కుక్క బతుకంతా అక్కడే తిరిగింది.

"ఈడ ఐదెకరాలుండాది అక్కా, దీనికేం తక్కువ?" అన్నాడు తోటాయన. మంచి మనిషే, సంగటికి లోటు చేయడు. కానీ పగలంతా కట్టేయడం ఆయనకు అలవాటు. ఐదెకరాల్లో ఆ కుక్కకు దక్కింది ఆరడుగులే. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కను అసలు తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని మన పల్లెల్లో చాలామందికి తెలియదు. పోనీ రాత్రి వదిలేస్తారా అంటే, అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ పెట్టే కరెంటు తీగలున్నాయి, పాములున్నాయి. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది గోమార్లు. అవి పడితే వచ్చే జ్వరంలో కుక్క ముందు తిండి మానేస్తుంది. రాత్రి పెట్టిన గిన్నె పొద్దునకీ అలాగే ఉందని గమనించే మనిషి పక్కన లేకపోతే, మందు పడేసరికి ఆలస్యమైపోతుంది. తోటాయన కుటుంబం ఉండేది ఊళ్లో.

సాయినగర్‌లో కాంపౌండ్ ఇల్లు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గోడ నాలుగడుగులే, భీముడు ఒక్క గెంతులో దాటేస్తాడు. భార్యాభర్తలిద్దరూ తొమ్మిదికి వెళ్తే ఆరుకి వస్తారు. నడక నేర్చుకుంటున్న పాప ఉంది. వీడు ప్రేమతో మీద పడినా పాప కింద పడుతుంది.

ఇక ఫ్లాట్. మూడో అంతస్తు, రెండు గదులు. నిజం చెప్పాలంటే చూడకముందే వద్దనుకున్నాను. అక్కడుండేది తల్లీకూతుళ్లు. కూతురు రోజూ ఐదింటికే లేచి బుక్కరాయసముద్రం చెరువు వైపు పరుగుకు వెళ్తుంది. తల్లి పగలంతా ఇంట్లోనే ఉంటుంది. మేం లోపలికి వెళ్లగానే ఆ అమ్మాయి భీముడిని పిలవలేదు, చేయి చాపలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుని, పక్కకు చూస్తూ ఉండిపోయింది. వాడు గదంతా వాసన చూశాడు, రెండుసార్లు చుట్టూ తిరిగాడు, పది నిమిషాలకు వెళ్లి ఆమె మోకాలి మీద గడ్డం ఆనించాడు. కుక్కలు తెలిసిన మనిషని అప్పుడే అర్థమైంది.

ఫ్లాట్‌కూ ఇబ్బందులున్నాయి. రోజుకు నాలుగుసార్లు కిందికి దించాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఏడు గంటలయ్యాక పొద్దున నడక కుదరదు. చేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి ఏడంకెలు లెక్కపెట్టలేకపోతే, కుక్క అరికాళ్లు కూడా కాలతాయి. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోమన్నాను, రాయించారు. అయినా జాగా కంటే మనిషి తోడే వీడికి ముఖ్యమని నాకు గట్టిగా అనిపిస్తోంది. పరిగెత్తే మనిషి ఒకరు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు. తోటలో ఈ ఇద్దరూ లేరు.

తోటాయనకు ఫోన్ చేసి ఉన్న విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, గొలుసు తీసేసి తోట చుట్టూ కంచె వేయిస్తే ఇంకో కుక్కనిస్తావా అని అడిగాడు. కంచె వేశాక వచ్చి చూస్తానన్నాను.

ఆదివారం భీముడిని ఫ్లాట్‌కు తీసుకెళ్తున్నాను. రెండు వారాలు చూసుకుని, కుదరకపోతే ఏ వేళైనా నాకే తిరిగివ్వాలని మాట తీసుకున్నాను. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది, రేబిస్ టీకా కార్డు సంచిలో పెట్టాను. వాడు పడుకునే పాత దుప్పటిని మాత్రం ఉతకలేదు. కొత్త ఇంట్లో మొదటి రాత్రి తెలిసిన వాసన ఒక్కటైనా వాడి పక్కన ఉండాలి.