బడికి పిల్లర్ల కట్టడమా, బంధించిన గోడల కట్టడమా: ఏది మేలు?

ఒకటి రెండు అంతస్తుల బడి కట్టబోయే వారు పదేపదే అడిగే ప్రశ్న ఇది: భూకంపానికి నిలవాలంటే పిల్లర్లు వేసి తీరాలా, గోడల మీద కట్టుకోవచ్చా? పిల్లర్లుంటే గట్టి, లేకుంటే బలహీనం అనే నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, అడిగేటప్పుడే జవాబు తమకు తెలిసినట్టు అడుగుతారు. ఏ బంధమూ లేని వట్టి ఇటుక గోడల మీద బరువైన స్లాబు మోపే పాత పద్ధతిని నేను పోలికలోకి తీసుకోవడం లేదు. భూమి కదిలే ప్రాంతంలో అది బడికి పనికిరాదు. పోల్చదగినవి కాంక్రీటు ఫ్రేము ఒకటి, కన్‌ఫైన్డ్ మేసనరీ అని ఇంజినీర్లు పిలిచే బంధించిన గోడల కట్టడం ఒకటి.

రెండూ పూర్తయ్యాక పక్కపక్కన నిలబెడితే తేడా పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే అసలు తేడా పని జరిగే వరుసలో ఉంది. ఫ్రేములో ముందు పిల్లర్లు, బీములు, స్లాబు పోసి, మిగిలిన ఖాళీలను గోడలతో పూడుస్తారు, బరువంతా పిల్లర్లదే. బంధించిన కట్టడంలో గోడ ముందు లేస్తుంది. దాని అంచున ఇటుకలను పళ్ళలా వదిలి, ఆ సందులో చువ్వలు నిలిపి, కాంక్రీటు పోస్తారు. అది ఆ పళ్ళ మధ్యకు దిగి గోడను పట్టుకుంటుంది. మూలల్లోనూ, గోడలు కలిసేచోటా, పెద్ద కిటికీలకూ తలుపులకూ ఇరువైపులా, పొడవైన గోడలో సుమారు 4 మీటర్లకొకటి చొప్పున ఇలాంటి సన్నని పిల్లర్లు వస్తాయి. బరువు మోసేదీ ఊపును తట్టుకునేదీ గోడే; చుట్టూ ఉన్న కాంక్రీటు అది చీలినా చెదిరిపోకుండా కట్టిపడేస్తుంది.

ఫ్రేముకు ఉన్న సుగుణాలను కాదనలేము. విశాలమైన హాలు, మూడు నాలుగు అంతస్తులు, రేపు గదుల విభజన మార్చుకునే వీలు కావాలంటే అదే తగినది. సరిగ్గా లెక్కకట్టి, సరిగ్గా పోసిన ఫ్రేము కూలిపోకుండా చాలా దూరం వంగగలదు. నా సందేహమంతా ఆ ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే. పిల్లరులో నిలువు చువ్వలను చుట్టి ఉండే రింగును చూడండి. దాని కొసను 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి దించాలి; వంచడం తేలికని 90 దగ్గర ఆపితే, ఊపులో పైపొర రాలగానే రింగు విప్పుకుంటుంది, చువ్వలు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు నలిగిపోతుంది. రింగుల మధ్య దూరం పెరిగినా, పని సులువు కావాలని కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ కలిపినా జరిగేది ఇంచుమించు ఇంతే. పోసిన మరుక్షణం ఈ తప్పులన్నీ కనబడకుండా పోతాయి. బంధించిన కట్టడంలోనూ రింగులుంటాయి, తప్పులూ జరుగుతాయి. అయితే అక్కడ భారం గోడంతటా పంచుకుని ఉంటుంది కనుక ఒక్క పిల్లరులో జరిగిన లోపం మొత్తం కప్పును దించదు. పైగా ఇటుకల కట్టు, అతుకుల్లోని సున్నం లేదా సిమెంటు, పూత పడేదాకా అందరి కళ్ళెదుటా ఉంటాయి.

బడుల్లోనే ఎక్కువగా కనిపించే మరో ప్రమాదం ఉంది. తరగతి గదికి వెలుతురు కోసం పిల్లరు నుంచి పిల్లరు దాకా కిటికీల వరుస పెట్టి, దాని కింద సగం ఎత్తు గోడ కడతారు. 3 మీటర్ల పిల్లరును ఆ గోడ బిగించి పట్టుకుంటే స్వేచ్ఛగా కదిలేది పైన 1.5 మీటర్లే. పిల్లరు బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఎత్తు ఘనానికి విలోమంగా మారుతుంది కనుక ఎత్తు సగమైతే బిగువు 8 రెట్లవుతుంది, ఊపులో బలమంతా వచ్చి ఆ పొట్టి ముక్క మీదే పడుతుంది, అది ఏటవాలుగా చీలిపోతుంది. గోడకూ పిల్లరుకూ మధ్య సందు వదిలితే ఇది తప్పుతుంది గాని, వర్షపు చెమ్మ వస్తోందని ఆ సందును తర్వాత సిమెంటుతో మూసేయడం మామూలే.

బంధించిన కట్టడానికి ఉన్న హద్దు కూడా ఇక్కడే బయటపడుతుంది. గదుల మధ్య అడ్డగోడలు నిండుగా ఉంటాయి, వరండా వైపు పొడుగు గోడ మాత్రం తలుపులతో, కిటికీలతో గుల్లవుతుంది. ఆ దిశలో కిటికీకీ కిటికీకీ నడుమ నిండు గోడ వదలకపోతే కట్టడం ఒక వైపు గట్టిగా, మరో వైపు బలహీనంగా తయారవుతుంది. ఈ షరతుకు ఒప్పుకోని నమూనా తెస్తే నేనూ ఫ్రేమునే సూచిస్తాను.

చిలీలో 2010 ఫిబ్రవరి 27న 8.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఇలా బంధించి కట్టిన వేలాది ఇళ్ళు నిలిచాయి. కూలినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. ఫ్రేము నమ్మదగినది కావడానికి ఏం కావాలో కాలిఫోర్నియా చూపింది. 1933 మార్చి 10 సాయంత్రం లాంగ్ బీచ్ భూకంపంలో ఎన్నో బడులు కూలాయి. పిల్లలు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి వచ్చిన ఫీల్డ్ చట్టం, బడి నమూనాను ప్రభుత్వ ఇంజినీర్లు ఆమోదించాలనీ పని జరుగుతున్నంత కాలం తనిఖీ సాగాలనీ నిర్బంధించింది. అటువంటి తనిఖీదారు రోజూ వచ్చి రింగు కొసలు చూసేచోట ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. రాని చోట, రెండంతస్తుల దాకా బడికి నా ఓటు బంధించిన గోడలకే.

తేలికపాటి ఉక్కు షెడ్లు భూకంపానికి మంచివే, గాలివానకు మాత్రం రేకుల బిగింపు, పునాది బోల్టులు చూసుకోవాలి. వరద భయంతో కింది అంతస్తును పిల్లర్ల మీద ఖాళీగా వదిలేయడం కన్నా అరుగును ఎత్తుగా కట్టుకోవడం క్షేమం, ఎందుకంటే ఆ ఖాళీ అంతస్తే భూకంపంలో మొదట కుంగుతుంది. మెట్లు రెండు వైపులా ఉండాలన్నది, తలుపులు బయటికి తెరుచుకోవాలన్నది ఏ కట్టడానికైనా ఒకటే.

పాత బడి మీద ఇంకో అంతస్తు వేయవచ్చా అనీ చాలామంది అడుగుతున్నారు. ఇటలీలోని శాన్ జూలియానో ది పూలియాలో పాత రాతిగోడల బడి మీద అలాగే లేపారు. 2002 అక్టోబరు 31న భూకంపంలో అది కూలి 27 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు చనిపోయారు. కింది గోడలను, పునాదిని ఇంజినీరు తవ్వి చూసి, లెక్కకట్టి, సంతకం పెట్టేదాకా వేయకండి.