ఢిల్లీ నుంచి తెచ్చుకున్న ఆడి టీటీ: నాలుగేళ్ల తర్వాత

ఆడి టీటీ చిన్న స్పోర్ట్స్ కారు, హైదరాబాద్‌లో అది సెకండ్‌హ్యాండ్‌లో అమ్మకానికి రావడమే అరుదు. ఏడాది వెతికితే రెండే కనబడ్డాయి. ఒకదానికి సర్వీసు రికార్డు లేదు, రెండోదానికి ఎడమ పక్కంతా రీపెయింట్. చివరికి 2021 మార్చిలో ఢిల్లీ నుంచి తెచ్చుకున్నాను. 2016 మోడల్, 2.0 లీటర్ల టర్బో పెట్రోల్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల ఎస్ ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, క్వాట్రో (అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందుతుంది). ఒకే ఓనరు, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు మీటరు 58 వేలు దాటింది.

ధర తక్కువని మాత్రం అంత దూరం వెళ్లకండి. వేరే రాష్ట్రం బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మనం కొన్న రేటు మీద పడదు, కొత్తప్పటి ధరా బండి వయసూ చూసి లెక్కగడతారు. ఇది షోరూంలోనే 60 లక్షలు దాటిన బండి. ఢిల్లీలో మిగిలిందనుకున్న డబ్బు దాదాపు అంతా ట్యాక్సుకే పోయింది. నేను వెళ్లింది సర్వీసు రికార్డు కోసం. ప్రతి సర్వీసు బిల్లూ ఉంది, 2020 ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ 45 శాతం ఉంది. అంటే వరసగా నాలుగేళ్లు ఒక్క క్లెయిమూ లేదన్నమాట.

ఫోన్లో అమ్మే ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు, అడిగిన వీడియో అల్లా పంపాడు. అయినా నోయిడాలో ఉన్న మా బావమరిదిని చూసి రమ్మన్నాను. వాడు అక్కడి నుంచే ఫోన్ చేసి, "బావా, బండి మెరిసిపోతోంది గానీ బానెట్ వేడిగా ఉంది, నేను రాకముందే స్టార్ట్ చేశారు" అన్నాడు. రాత్రంతా ఆగిన ఇంజన్ మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే ఇంజన్ లోపలి గొలుసు, అదే టైమింగ్ చెయిన్, చప్పుడు చేస్తుంటే వినబడుతుంది. వేడెక్కాక ఏ ఇంజనైనా బుద్ధిగానే ఉంటుంది. మర్నాడు పొద్దున ఆరింటికి వాణ్ని మళ్లీ పంపాను. ఈసారి బానెట్ చల్లగా ఉంది, చప్పుడేమీ లేదు. పాపం, ఆ చలిలో రెండుసార్లు వెళ్లాడు. ఆ రుణం ఇంకా తీరలేదు నాకు.

ఈ బండికే సంబంధించిన సంగతి ఒకటి. టీటీకి పైరేకులన్నీ అల్యూమినియం. పెయింటు మందం కొలిచే చౌక మీటర్లు ఇనుము మీదే పనిచేస్తాయి. మొదట తెచ్చిన మీటరు ఒక్క అంకె కూడా చూపించలేదు. అల్యూమినియం మీద కూడా చదివేది తెప్పించి కొలిస్తే చుట్టూ 110 నుంచి 140 మైక్రాన్లు వచ్చింది, అంటే మళ్లీ వేసింది కాదు, కంపెనీ పెయింటే. టైర్లలో గాడి బాగానే ఉంది కానీ పక్కన ఉన్న నాలుగంకెల తేదీ 2316, అంటే 2016లో 23వ వారంలో తయారైనవి, దాదాపు ఐదేళ్ల పాతవి. నాలుగూ మార్చే ఖర్చు ధరలో తగ్గించమన్నాను, ఆయన ఒప్పుకున్నాడు.

ఎక్కువ రోజులు తిన్నది కాగితాలే. లోను రెండేళ్ల కిందటే తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35 ఇచ్చి అది తీయించేదాకా, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి కావాల్సిన ఆర్టీఓ ఎన్ఓసీ, అదే ఫారం 28, రాదు. పైగా రెండు చలాన్లు బాకీ. ఐదు వారాలు పట్టింది. మధ్యలో ఆయన, "బండి తీసుకెళ్లి మిగతా డబ్బు ఇచ్చేయండి, కాగితాలు కొరియర్ చేస్తాను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. టోకెన్ తప్ప రూపాయి ఇవ్వలేదు. ఎన్ఓసీ, బండిని నా పేరు మీదికి మార్చడానికి సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు బావమరిది చేతికొచ్చాకే ఆర్‌టీజీఎస్ చేశాను. ఆయనకు కోపం వచ్చిన మాట నిజమే. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

కొత్త టైర్లు వేయించి, 44వ నంబరు హైవే మీద నేనే నడుపుకుంటూ వచ్చాను. ఝాన్సీలో ఒక రాత్రి, నాగపూర్‌లో ఒక రాత్రి. సివనీ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి వెళ్లేలా రోడ్డును ఎత్తి కట్టారు. అక్కడ అద్దాలు దించి నడిపాను. పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చి తెలుగు బోర్డు చూశాక గానీ బండి నాదైందన్న నమ్మకం కుదరలేదు. ఖైరతాబాద్ ఆర్టీఏలో ఛాసిస్ నంబరును పెన్సిల్ రుద్ది కాగితం మీదికి ఎక్కించుకున్నారు, ఆ తర్వాత టీఎస్ నంబరు వచ్చింది.

ఈ నాలుగేళ్లలో పెద్ద రిపేర్లు రెండు. 43 వేల కిలోమీటర్ల దగ్గర కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, తగ్గుతూ వచ్చింది. ఈ ఇంజన్లలో థర్మోస్టాట్, వాటర్ పంప్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కారడం మామూలే, మొత్తం మార్చాల్సి వచ్చింది. రెండోది హాల్డెక్స్. వెనక చక్రాలకు శక్తి పంపే క్లచ్ అది. ఒక పెద్ద సర్వీస్ సెంటర్ దాని ఆయిల్ మార్చి బిల్లు వేసింది గానీ ఆయిల్ పంపు జల్లెడ విప్పలేదు. వానలో సిగ్నల్ దగ్గర ముందు చక్రాలు గిర్రున తిరిగినప్పుడు అనుమానమొచ్చింది. మియాపూర్ వైపు ఒక చిన్న షెడ్డులో విప్పించి చూస్తే జల్లెడ నల్లటి మడ్డితో పూడుకుపోయింది, పంపు కాలిపోయింది. ఆయిల్ మారిస్తే జల్లెడ కడిగారా అని నోరు తెరిచి అడగండి, ఫొటో తీసి చూపించమనండి.

కాలనీ స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా ఎక్కించాలి, లేదంటే కింద గీసుకుంటుంది. గట్టివాన సూచన ఉంటే సెల్లార్‌లో పెట్టను, ర్యాంప్ పైకి తెచ్చేస్తాను. వెనక సీట్లు మా పాప ఐదో ఏడు వరకే పనికొచ్చాయి. ఇక నడపడం సంగతంటారా, ఆదివారం పొద్దున నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, అనుమతించిన 120 మీద శంషాబాద్ వైపు పెద్ద వంపు తీసుకుంటుంటే స్టీరింగ్ ఎంత నిబ్బరంగా ఉంటుందో! అందుకోసమే ఈ బండి కొన్నాను, ఆ సంతోషం ఇవాళ్టికీ తగ్గలేదు.

అమ్మే ఆలోచన లేదు. 60 వేలకు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి, దానికి ఆ మియాపూర్ షెడ్డులోనే వచ్చే నెల రోజు తీసుకున్నాను.