తెడ్డు వేసే చేతికి అడ్డురాని లైఫ్ జాకెట్

సోమశిల దగ్గర కృష్ణలోనో, నాగార్జునసాగర్ జలాశయంలోనో, అనుమతి ఉన్న మరే ప్రాజెక్టు నీటిలోనో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడిపేవారికి లైఫ్ జాకెట్ ఎంపికలో ఒక చిక్కు ఉంది. మన దగ్గర సులభంగా దొరికేవన్నీ లాంచీలో కదలకుండా కూర్చునే ప్రయాణికుడి కోసం కుట్టినవి. తెడ్డు వేసేవాడి భుజాలు గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి, నడుము ప్రతి తోపుకూ మెలిక పడుతుంది. పైగా మన ఎండలు తెలిసినవే. ఒరుసుకునే జాకెట్‌నూ ఉక్కపోసే జాకెట్‌నూ ఎంత జాగ్రత్తపరుడైనా కాసేపటికి విప్పి పక్కన పెడతాడు. అందుకే ఈ వస్తువు విషయంలో సౌకర్యాన్ని భద్రతలో భాగంగానే చూడాలని నా అభిప్రాయం. నేను వేసుకొని తెడ్డు వేసి చూసిన మూడు రకాలను ఆ దృష్టితోనే పరిశీలించాను.

మొదటిది పర్యాటక పడవల్లో అందరికీ ఇచ్చే నారింజ రంగు జాకెట్. ఛాతీ మీద రెండు మందపాటి పలకలు, మెడ వెనుక దిండులాంటి కాలర్, నడుముకు ఒకటి రెండు పట్టీలు ఉంటాయి. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లే కుటుంబానికి ఇది సరిపోతుంది, ధరా తక్కువే. కయాక్‌లో కూర్చుంటే మాత్రం ముందు పలకలు తొడలకు తగిలి పైకి లేచి గడ్డాన్ని నొక్కుతాయి, చంకల దగ్గర అంచులు చర్మాన్ని గీరుతాయి. సోమశిలలో పుట్టి మీద వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి, "సంకల కాడ ఒరుసుకపోతుంటే తెడ్డెట్ల ఏస్తవు బిడ్డా" అన్నారు. ఈ రకంలోని లోపం ఆ ఒక్క మాటలో ఉంది. దీన్ని విప్పి సీటు వెనుక దోపుకునేవారిని తరచూ చూస్తుంటాం. బోల్తా పడ్డాక నీటిలో తేలుతూ జాకెట్ తొడుక్కుని పట్టీలు బిగించుకోవడం ఈత బాగా వచ్చినవారికి కూడా చాలా కష్టం.

రెండోది గ్యాస్‌తో ఉబ్బే రకం. సన్నని పట్టీలా మెడ చుట్టూ ఉండి, తాడు లాగగానే చిన్న సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్‌తో నిండుతుంది. వేడి తెలియదు, చేతులకు అడ్డం రాదు. అయితే తాడు లాగడానికి మనిషి స్పృహలో, నిబ్బరంగా ఉండాలి. తడిస్తే దానంతటదే ఉబ్బే రకాలు తెడ్డు నుంచి చిందే నీటికి లేదా ఒక చిన్న బోల్తాకు కూడా ఉబ్బిపోవచ్చు. ఒకసారి ఉబ్బితే కొత్త సిలిండర్ బిగించాలి, అది మన జిల్లా కేంద్రాల్లో దొరికే సరుకు కాదు. ఈత రానివారికీ పిల్లలకూ దీన్ని నేను సిఫారసు చేయను.

మూడోది కయాక్ కోసమే కుట్టిన 50 న్యూటన్ల జాకెట్ (న్యూటన్ అంటే ఇక్కడ నీటిలో తేల్చే ఊతానికి కొలత). నా ఓటు దీనికే. దీనిలో చేతులు దూర్చే ఖాళీలు పెద్దవి. నడుము దగ్గర పొట్టిగా ఆగిపోతుంది కనుక కూర్చున్నప్పుడు తొడలకు తగలదు. వీపు వైపు నురుగు (ఫోమ్) పలుచగా ఉంటుంది, కొన్నింటిలో భుజాల కింద వరకే ఉండి దిగువ భాగం వలబట్టతో ముగుస్తుంది. సీటు వెనుకభాగానికి ఆనుకొని కూర్చున్నా జాకెట్ మెడ మీదికి ఎక్కకపోవడానికి ఆ కుట్టే కారణం. పక్కల పట్టీలు రెండు మూడు ఉండటం వల్ల లోపల పలుచటి బనియన్ ఉన్నా, మందపాటి చొక్కా ఉన్నా ఒంటికి సరిపడా బిగించుకోవచ్చు.

కొనేటప్పుడు దుకాణంలోనే కొంత సమయం తీసుకోవాలి. పట్టీలన్నీ వదులు చేసి తొడుక్కొని, జిప్పు వేసి, మొదట నడుము పట్టీ, తర్వాత పక్క పట్టీలు, చివరగా భుజాల పట్టీలు బిగించాలి. ఆపై కాళ్లు చాపి నేల మీద కూర్చొని గాలిలోనే తెడ్డు వేస్తున్నట్టు నడుము తిప్పి చూడాలి. చంకలో ఎక్కడైనా గీరుకుంటే అదే చోట నీటిలో పుండు పడుతుంది. తర్వాత తోడు వచ్చినవారిని భుజాల పట్టీలు రెండు చేతులతో పట్టుకొని పైకి గట్టిగా లాగమనాలి. జాకెట్ గడ్డం దాటి చెవుల వైపు వస్తే సైజు పెద్దది, ఎంత మెత్తగా ఉన్నా పక్కన పెట్టేయాలి. సైజును ఒంటి బరువు కంటే ఛాతీ చుట్టుకొలతను బట్టి చూసుకోవడం మంచిది.

న్యూటన్ల లెక్క చాలామందిని తికమక పెడుతుంది. నీటిలో మనిషి శరీరం చాలావరకు దానంతటదే తేలుతుంది, ముఖం నీటి పైన నిలవడానికి పెద్దవారికి అదనంగా కావాల్సింది సుమారు మూడు నుంచి ఐదున్నర కిలోల ఊతం మాత్రమే. 50 న్యూటన్లు అంటే ఇంచుమించు ఐదు కిలోలు. లావుగా ఉన్నవారికే ఎక్కువ ఊతం కావాలనుకోవడం సరికాదు, కొవ్వు తేలుతుంది కనుక బక్కపలుచగా, కండపుష్టితో ఉన్నవారే త్వరగా మునుగుతారు. లోపలి లేబుల్ మీద ఐఎస్ఓ 12402-5 అనే అంతర్జాతీయ ప్రమాణం అంకె, బరువు పరిధి, ఛాతీ కొలత అచ్చై ఉండాలి. ఆ లేబుల్ లేని జాకెట్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దు.

అదే ప్రమాణం పరిమితిని కూడా చెబుతుంది. 50 న్యూటన్ల జాకెట్ ఈత వచ్చినవారికి, ఒడ్డుకో తోటివారి సాయానికో దగ్గరగా ఉన్నవారికి ఉద్దేశించినది. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పే హామీ దీనికి లేదు, ఆ పని కోసం తయారయ్యేవి 100, 150 న్యూటన్ల రకాలు. కాబట్టి ఈత రానివారు కాలర్ ఉన్న 100 న్యూటన్ల నురుగు జాకెట్ వేసుకొని, చేతులకు కొంత ఇబ్బందైనా ఓర్చుకొని, ఒడ్డు వెంబడి బృందంతోనే వెళ్లాలి. ఈత వచ్చినవారైనా సాగర్ వంటి పెద్ద జలాశయంలో గాలి లేచాక నడి నీటిలో ఒంటరిగా ఉండటం ఈ జాకెట్‌ను నమ్ముకొని చేసే పని కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరో సంగతి వలలు, మోడులు. శ్రీశైలం వెనుక జలాల్లో నీరు తగ్గే కొద్దీ మునిగిన చెట్ల మొదళ్లు పైకి తేలతాయి, ఒడ్డు దగ్గర ఎక్కడ చూసినా వలలు ఉంటాయి. వేలాడే పట్టీ కొసలు, బయటికి పొడుచుకొచ్చిన కొక్కేలు వాటికి చిక్కుకుంటాయి. బిగించాక మిగిలిన పట్టీని లోపలికి దోపుకునే వీలున్న జాకెట్‌ను ఎంచుకోవాలి. జేబులు ఒకటి రెండు చాలు. ఈల మాత్రం భుజం దగ్గర కట్టి ఉండాలి. రంగు విషయంలో నలుపు, ముదురు నీలం అందంగా ఉన్నా నీటి మీద దూరం నుంచి కనబడవు, పసుపు గానీ నారింజ గానీ తీసుకోండి.

ఇంటికి తెచ్చాక ఛాతీ లోతు నీటిలో, పక్కన ఒకరిని నిలబెట్టుకొని, కాళ్లు పైకి తీసి వదులుగా తేలి చూడాలి. గడ్డం నీటి పైన ఉండి నోటితో హాయిగా ఊపిరి ఆడితే సరిపోయినట్టే. మహిళలు ఛాతీ దగ్గర వంపుగా కుట్టిన రకాన్ని అడిగి తీసుకోవడం మేలు, సూటి పలకల జాకెట్ వారికి పైకి జరుగుతుంది. చున్నీ, కొంగు జాకెట్ మీదుగా వేలాడకూడదు. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. "పెరిగే పిల్లలు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అనే ఆలోచన బడి బట్టలకు చెల్లుతుంది గానీ దీనికి చెల్లదు. వదులు జాకెట్ నుంచి పిల్లవాడు కిందికి జారిపోతాడు.

ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో బూరుగు దూది నింపేవారు, ఇప్పుడు గాలి గదులు మూసుకొని ఉన్న నురుగు వాడుతున్నారు. ఆ నురుగుకు వేడి, బరువు రెండూ పడవు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పడేయడం, ఒడ్డున ఆసనంగా వేసుకొని కూర్చోవడం మానుకోవాలి. వాడిన తర్వాత మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. ఏటా వేసవికి ముందు వేలితో నొక్కి చూసి, నురుగు తిరిగి పొంగకుండా గుంట అలాగే ఉండిపోతే, లేదా కుట్లు పిగిలి బట్ట రంగు వెలిసి చేతికి పిండిలా రాలుతుంటే, దాన్ని ఎవరికీ దానం చేయకుండా కోసి పారేసి కొత్తది కొనండి.