‘వదులు’ అని మాత్రం అరవకండి: షమోనీలో రెండ్రోజుల క్లైంబింగ్ కోర్సు, నా రివ్యూ

నేనూ నా క్లైంబింగ్ పార్ట్‌నరూ ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న షమోనీలో రెండ్రోజుల మల్టీపిచ్ కోర్సు చేసొచ్చాం. మల్టీపిచ్ అంటే ఒక్క తాడు పొడవు చాలని ఎత్తైన బండని అంచెలంచెలుగా ఎక్కడం, ఒక్కో అంచె ఒక పిచ్. ఆమెది ఇంగ్లండ్. నేనేమో ఇండోర్ జిమ్‌లో, అమెరికన్ వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. గైడ్ ఫ్రెంచాయన. కోర్సు నడిపే సంస్థ పేరు రాయను, కింద వాళ్లని కాస్త తిట్టబోతున్నాను కాబట్టి. గైడ్‌కి అయిదుకి అయిదు, సంస్థకి మూడు, అది కూడా కాస్త దయతో.

మొదటి రోజు లె గయాన్ బండ దగ్గర. హార్నెస్ బిగించుకుని, తాడుకి ఎయిట్ ముడి వేసుకుని, ఇక ఎక్కేద్దాం అనుకుంటే ఆయన ఎక్కనివ్వలేదు. పైకెళ్లాక ఒకరికొకరు ఏమని అరుచుకుంటారో ముందు నాకు చెప్పండి అన్నాడు. నేను "ఆఫ్ బిలే" అన్నాను, ఆమె "సేఫ్" అంది. బిలే అంటే ఎక్కేవాళ్లు పడితే ఆపేలా అవతలివాళ్లు తాడు పట్టుకోవడం. రెండింటి అర్థం ఒకటే: పైకెళ్లినవాడు యాంకర్‌కి, అంటే బండకి బిగించిన ఆధారానికి, తనను కట్టేసుకున్నాడు, కిందున్నవాళ్లు తాడు పట్టి ఆపే బిలే డివైస్‌లోంచి తాడు తీసేయొచ్చు. ఇన్నేళ్లూ నాకు తట్టని సంగతేంటంటే, నేను నేర్చుకున్న పద్ధతిలో "ఆన్ బిలే" అని ఇంకో కేక కూడా ఉంది, నిన్ను తాడు మీద పట్టుకున్నాను, ఎక్కు అని. ఒకటి వింటే ఎక్కడం మొదలుపెట్టాలి, ఇంకోటి వింటే తాడు తీసేయాలి, గాలి కొడుతుంటే నలభై మీటర్ల కింద ఉన్నవాళ్లకి ఆన్ ఏదో ఆఫ్ ఏదో ఎలా తెలుస్తుంది? ఆమె "సేఫ్" ఆ లెక్కన చాలా నయం.

ఫ్రెంచివాళ్లు అక్కడ "రలే!" అని అరుస్తారు, అంటే బిలే స్టేషన్ చేరాను అని. లేదంటే "వషే!". వాష్ అంటే ఆవు, మనల్ని యాంకర్‌కి కట్టుకునే లాన్యార్డ్‌ని, అదే ఆ చిన్న తాడుని, కూడా వాళ్లు వాష్ అనే అంటారు. గుంజకి కట్టేసిన ఆవులాగా నిలబడ్డాను అన్నమాట. ఇది విన్నాక నేను ఆ మాట మర్చిపోయే ప్రశ్నే లేదు.

రెండో రోజు బ్రెవాన్ వైపు, ఎదురుగా మాంట్ బ్లాంక్ మొత్తం కనిపిస్తూ. మూడో పిచ్‌లో ఆమె లీడ్ చేసి, అంటే ముందు ఎక్కి, రలే కట్టింది, నేను సెకండ్‌గా ఆమె వెనక ఎక్కుతున్నాను, గైడ్ పైన ఆమె పక్కనే ఉన్నాడు. బండ మూల తిరిగేసరికి ఆమె కనపడటం లేదు, తాడు నా మోకాళ్ల దగ్గర ఉయ్యాలలా వేలాడుతోంది. ఆ వదులు లాక్కో అని చెప్పాలని నేను "టేక్ ఇన్ ద స్లాక్!" అని గొంతు చించుకుని అరిచాను. గాలి మొదటి ముక్కలు మింగేసి చివరి మాట ఒక్కటే పైకి మోసుకెళ్లింది. స్లాక్ అంటే వదులు ఇవ్వు అని కదా, పాపం ఆమె ఇంకో రెండు చేతుల తాడు వదిలింది. ఉయ్యాల కాస్తా నా పాదాల దాకా వచ్చింది. పట్టులు మంచివే గానీ ఆ అర నిమిషం నా టెన్షన్ నాకే తెలుసు.

తర్వాత రలే దగ్గర ఆయన నవ్వుతూ చెప్పాడు, ఇది బ్రిటన్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదట్లోనే చెప్పే హెచ్చరికేనట, తాడు లాక్కోమనేటప్పుడు నోట్లోంచి స్లాక్ అనే మాట రాకూడదని. ఆమెకి తెలుసు, నాకే తెలీదు. ఫ్రెంచిలో ఈ గొడవ లేదు. తాడు కావాలంటే "ద్యు మూ!", మూ అంటే మెత్తన, వదులు. లాక్కోమంటే "అవాల్!", అంటే మింగు. గట్టిగా బిగించి పట్టుకోమంటే "సెక్!". మూడూ చిన్నవి, ఒకదానితో ఒకటి కలవవు. మాటలు పెట్టినవాళ్లు బండ మీద నిలబడే పెట్టారేమో అనిపించింది.

అక్కడే నాకు ఇంకో ఆలోచన వచ్చి చెమటలు పట్టాయి. ఇద్దరు తెలుగువాళ్లం ఎక్కుతున్నాం అనుకోండి, తాడు కావాలంటే ఏమంటాం? "తాడు వదులు!" అనే కదా. కొంచెం లూజు ఇవ్వు అని మన ఉద్దేశం, కిందున్నవాడికి తాడు వదిలెయ్ అని వినిపించొచ్చు. రెండూ అదే మాట, అదే అక్షరాలు. ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఏ భాషలోనూ ఉండదనుకుంటా. "లూజు" అనుకోండి, ఇంకేదైనా అనుకోండి, ఇది మాత్రం వద్దు.

మాటలు కాకుండా నేర్పినవి కూడా ఉన్నాయి. రలే నుంచి బయల్దేరిన లీడర్ వెంటనే మొదటి దెగేన్, అదే క్విక్‌డ్రా, తాడుని బండ మీది ఆధారానికి తగిలించే కొక్కేల జత, తగిలించాలని ప్రతిసారీ గుర్తుచేశాడు. అది తగిలించకముందే పడితే బిలే చేసేవాళ్లని దాటి కిందికి పోతాం, బయటున్న తాడు పొడవుకి రెట్టింపు పడతాం, ఫాల్ ఫ్యాక్టర్ 2, అంతకంటే ఎక్కువ ఉండదు. ఇంకోటి, మాకు రెండు హాఫ్ రోప్‌లు, అంటే జతగా వాడే సన్న తాళ్లు, ఇచ్చారు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. వాటిని ఫ్రెంచిలో ‘ఆ దూబ్ల్’ తాళ్లంటారు. ల్యాబ్ పరీక్షలో సింగిల్ రోప్‌కి 80 కిలోల బరువు కట్టి పడేస్తే హాఫ్ రోప్‌కి 55 కిలోలే, చివర్న వృత్తంలో అర అని రాసి ఉంటుంది చూడండి. రెండు తాళ్లున్నాయి కాబట్టి ఊరికే "ద్యు మూ" అంటే సరిపోదు, ముందు రంగు చెప్పాలి. ఎరుపు లాగి నీలం వదలడం ఒకే డివైస్‌లో ఒకేసారి చేయడానికి నాకు సగం రోజు పట్టింది.

ఇక తిట్లు. గైడ్‌కి ఇద్దరే అని బుకింగ్‌లో రాసి, మొదటి రోజు మధ్యాహ్నం మూడో మనిషిని తెచ్చి కలిపారు. ముగ్గురయ్యేసరికి వంతులవారీగా ఇద్దరిద్దరం ‘ఆన్ ఫ్లెష్’, అంటే బాణం ఆకారంలో కట్టాల్సి వచ్చింది: ముందు గైడ్, ఆయన నుంచి రెండు తాళ్లు, ఒక్కో తాడు చివర ఒక్కొక్కరం. చూడ్డానికి బాగుంది, ఇద్దరినీ ఆయన ఒకేసారి పైకి తెచ్చుకోవడం నిజంగా అందంగా ఉంది, కానీ నేను డబ్బు కట్టింది లీడ్ చేయడం నేర్చుకోవడానికి, లాగించుకోవడానికి కాదు. పైగా చేతికిచ్చిన లామినేటెడ్ కార్డులో ‘సెక్’ పక్కన డ్రై అని అచ్చేశారు. సెక్‌కి మామూలు అర్థం పొడి అనే మాట నిజమే, అయినా బండ మీద వేలాడేవాడికి ఆ అనువాదం దేనికి పనికొస్తుంది? పడిపోయిన పార్ట్‌నర్ బరువుని డివైస్ నుంచి యాంకర్ మీదికి మార్చి బయటపడటం చివరి అరగంటలో హడావిడిగా చూపించి వదిలేశారు, దానికే ఒక పూట ఉండాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన మాట కోర్దే. ఒకే తాడుకి కట్టుకున్న మనుషుల జట్టు. ఇంగ్లిష్‌లో రోప్ టీమ్ అని రెండు మాటలు అతికించాలి. ముందు వెళ్లేవాడు ప్రమియే ద కోర్దే, 2017లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఈ మాటని డబ్బూ విజయం ఉన్నవాళ్లకి వాడేసరికి ఫ్రాన్స్‌లో పెద్ద గొడవే అయింది. నిజం కోర్దేలో ముందున్నవాడు పడితే పట్టుకునేది వెనకున్నవాడే, అది కూడా మధ్యలో రలేనో దెగేనో ఉంటేనే. ఇది చెబుతూ గైడ్ 1865లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం మీద జరిగిన ప్రమాదం సంగతి ఎత్తాడు. ఏడుగురు ఒకే తాడు మీద దిగుతుంటే వాళ్లలో హాడో అనే ఆయన జారి గైడ్ మిషెల్ క్రోజ్‌కి తగిలాడు, వాళ్లతో పాటు ఇంకో ఇద్దరు పోయారు, మధ్యలో తాడు తెగింది కాబట్టి మిగతా ముగ్గురు బతికారు. క్రోజ్ షమోనీ గైడే. చెప్పేటప్పుడు ఈయన గొంతు కాస్త మారింది.

చివరికి మేమిద్దరం మాటలు కలిపేసుకుందాం అనుకున్నాం, ఆమె "సేఫ్", ఫ్రెంచి "సెక్". ఆయన మమ్మల్ని పార్కింగ్‌లో చెరో చివర నిలబెట్టి వీపులు తిప్పించి అరవమన్నాడు. పదిసార్లలో నాలుగుసార్లు తప్పు విన్నాను. అందుకే ఇప్పుడు మావి రలే, సెక్, అవాల్, మూ, ప్రతి కేకకీ ముందు అవతలి మనిషి పేరు. మీరు వెళ్తే గైడ్‌కి ఎంతమందో మెయిల్‌లో రాయించుకోండి, ఆ లామినేటెడ్ కార్డు బ్యాగ్‌లోనే ఉంచేయండి.