టెన్స్ అప్, ఫ్రీక్ అవుట్, స్ట్రెస్డ్ అవుట్: ఏది మేలు?

హైదరాబాదు వాడుకలో టెన్షన్ అన్న మాట ఎంతగా ఇమిడిపోయిందంటే, తెలుగులో ‘టెన్షన్ పడకు’ అన్నా, దక్కనీ ఉర్దూలో ‘టెన్షన్ నక్కో’ అన్నా అది పరభాషగా ఎవరికీ తోచదు. చిక్కు వచ్చేది దానిని ఇంగ్లీషు వాక్యంలో పెట్టినప్పుడే. ఇక్కడి ఆఫీసుల్లో తరచుగా వినిపించే ‘ఐ యామ్ టెన్స్‌డ్’ మనలో మనకు చక్కగా అర్థమవుతుంది గానీ, అమెరికా, బ్రిటన్ వారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వారు ‘ఐ యామ్ టెన్స్’ అంటారు, లేదా మాటల్లో ‘ఐ టెన్స్ అప్’ అంటారు.

‘టెన్స్ అప్’లో ముందుగా బిగుసుకునేది శరీరం. గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకు పేరు పిలవగానే భుజాలు పైకి లేచి, దవడ బిగిసి, చేతిలోని ఫైలు అంచు వేళ్ల కింద నలిగిపోతుందే, ఆ క్షణానికి ఇంతకంటే అతికే మాట నాకు కనిపించదు. పైగా ఇందులో ఎవరినీ కించపరిచే ఛాయ లేదు.

‘ఫ్రీక్ అవుట్’ సంగతి వేరు. 1960లలో అమెరికా యువత మత్తుపదార్థాల ప్రభావంతో ఒళ్లు తెలియని స్థితిని చెప్పడానికి వాడిన ఈ మాటకు, అదుపు తప్పడమన్న అర్థం నేటికీ అంటుకొనే ఉంది. స్నేహితుల మధ్య అది చెల్లుతుంది. మేనేజరుతో గడువు చూసి ఫ్రీక్ అవుట్ అయ్యానంటే మాత్రం, పని చేతకాదని మనమే చెప్పుకున్నట్లవుతుంది. వయసులో పెద్దవారిని ‘డోంట్ ఫ్రీక్ అవుట్’ అనడం మర్యాద కానే కాదు.

నెలల తరబడి ఎప్‌సెట్‌కు చదివి అలసిన విద్యార్థికి తగినది ‘స్ట్రెస్డ్ అవుట్’, ఎందుకంటే అది ఒక్క క్షణపు బెదురును కాక, రోజుల తరబడి పేరుకున్న ఒత్తిడిని చెబుతుంది. ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండే మనిషని చెప్పే ‘అప్‌టైట్’ ఎదుటివారి స్వభావాన్ని ఎత్తిపొడిచే మాట, దానిని వదిలేయడమే మంచిది.

కొత్తగా ఇంగ్లీషు నేర్చుకొనేవారికి నా సలహా ‘టెన్స్ అప్’; ఇంటర్వ్యూ చేసేవారితో చెప్పేటప్పుడైతే మామూలు ‘నర్వస్’ అంతకంటే మేలు. అయితే నిద్ర పట్టక, గుండె దడ తగ్గక నిజంగా బాధపడుతున్నవారు ఏ ఇంగ్లీషు మాట సరైనదా అని ఆగనక్కరలేదు. బుగులుగా ఉందనో, పరేషాన్‌గా ఉందనో డాక్టరుకు చెప్పవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.