ఎటిమాన్‌లైన్: ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే నేరుగా ఇక్కడికే వెళ్లండి

వైజాగ్‌లో హార్బర్ అనని రోజుండదు, డాల్ఫిన్స్ నోస్ కొండ చూడని రోజుండదు. ఆ రెండు మాటలూ ఎటిమాన్‌లైన్‌లో కొట్టి చూడండి. హార్బర్‌కి మొదట్లో సముద్రంతో పనే లేదు, సైన్యం దిగే విడిది అని అర్థం, ఓడలు ఆగే చోటు అన్నది తర్వాత వచ్చింది. డాల్ఫిన్ గ్రీకు మాట, గర్భసంచికి గ్రీకులో ఉన్న మాటతో దానికి చుట్టరికం. బహుశా గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కంటుందనేమో.

డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ ఒక్కరే మొదలుపెట్టి ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చిన నిఘంటువు ఇది. వెబ్‌సైట్ ఉచితం, ఫోన్‌కి యాప్ కూడా ఉంది.

నాకు బాగా నచ్చింది ఆరెంజ్ కథ. సంస్కృతంలో నారంగ, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, అక్కణ్ణించి ఇటలీ, ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ముందున్న న ఊడిపోయింది. మన నారింజదీ అదే మూలం! బాండికూట్ అయితే సాక్షాత్తూ మన పందికొక్కే. ఆ పేరునే ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండే ఇంకో జంతువుకి పెట్టేశారు, దానికీ ఎలుక జాతికీ ఏ సంబంధమూ లేదు. కాటమరాన్ తమిళం, కట్టుమరం, అంటే దుంగల్ని తాళ్లతో కట్టింది, మన వైజాగ్ జాలారిపేటలో తెప్ప అంటామే అదే.

న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ మొదటి అక్షరాలని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది, మాస్టార్లు కూడా చెప్తుంటారు. తప్పు. న్యూ అనే మాట బహువచనం అది, కొత్త సంగతులు అని. పిల్లలకి ఇలాంటివి చెప్పే ముందు దయచేసి ఒకసారి ఇందులో చూడండి.

మాట పక్కన కనిపించే సంవత్సరం ఆ మాట పుట్టిన ఏడు కాదు, ఇంగ్లీషు రాతలో మనకి దొరికినంతలో మొదటిది, అంతే. ముందు నక్షత్రం గుర్తున్న రూపాలు ఎవరూ రాసిపెట్టినవి కావు, భాషా పండితులు పోల్చిచూసి ఊహించి కట్టినవి. మూలం తేలని చోట తేలలేదనే రాస్తారు, అందుకే నాకు దీనిమీద అంత నమ్మకం.

ఉచ్చారణ కోసం వెళ్లకండి, అది ఇందులో ఉండదు, దానికి మామూలు డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సిందే. స్పెల్లింగ్ బట్టీ పట్టలేక టెన్షన్ పడే పిల్లలుంటే మాత్రం డెట్ (debt, అప్పు) అనే మాటతో మొదలుపెట్టించండి. అందులో పలకని బి ఎందుకుందో తెలుస్తుంది: ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ అక్షరం లేదు, లాటిన్ డెబిటుమ్‌ని చూసి తర్వాత చదువుకున్నవాళ్లు ఇరికించారు.